ఇక్కడ పుట్టినవాళ్లకే

"ఈ గడ్డ మీద పుట్టినోళ్లకే బియ్యం కార్డు! బయటోళ్ల పేరు ఒక్కటీ పై ఆఫీసుకు పోదు!" అని వార్డు పెద్ద జయరాం మైకులో అరవగానే హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది గురువమ్మే. కొట్టదా మరి! ఈ కన్నడ సీమలో బంగారు గనులు మూతపడ్డాక, గని కూలీల లైన్ల ఇళ్లలో పొయ్యి వెలగడమే గగనమైపోతే, నిన్నగాక మొన్న బీహారు నుంచి రోడ్డు పనికి వచ్చిన ఫూల్‌మతి, చంటిబిడ్డను చంకనేసుకుని తనతో సమానంగా వచ్చి కూర్చోవడమా? జాబితాలో ఆమె పేరు కొట్టేయగానే గురువమ్మకు కడుపు చల్లబడింది.

తర్వాతి పేరు తనదే. జయరాం కాగితం తిరగేసి చూశాడు.

"నువ్వు పుట్టింది పుంగనూరు పక్కన కదమ్మా? అంటే ఆంధ్రా, మన కన్నడ సీమ కాదు. నీ పేరూ తీసేస్తా ఉండాము."

గురువమ్మకు ఒళ్లు మండిపోయింది. అమ్మ పురిటికి పుట్టింటికి పోయి, మూడో నెలలో తనను ఎత్తుకుని తిరిగొచ్చింది. ఆపైన అరవై ఏళ్లూ ఈ లైన్లలోనే. మొగుడు ఇరవై ఆరేళ్లు గనిలో దిగి, రొమ్ము నిండా రాతిధూళి నింపుకుని ఇక్కడే పోయాడు. ఆ బియ్యం రాకపోతే ఇప్పుడు ఆమెకు కూడే లేదు.

"మీయమ్మ నిన్ను యాడ కనిందప్పా?" అంది లేచి.

"నా సంగతి ఎందుకిప్పుడు?"

"మదనపల్లిలో కాదా? నిండు చూలాలని మూట మోసుకోని బస్టాండు దాకా తోడొచ్చింది నేను కాదా?" గురువమ్మ హాలు వైపు తిరిగింది. "మన ఆడోళ్లంతా పురిటికి ఆంధ్రాకే కదా పోయినారు! ఈడ పుట్టినోళ్లు చెయ్యెత్తండి, చూస్తాను!"

ఇందాక చప్పట్లు కొట్టినవాళ్లంతా తలలు దించుకున్నారు. వెనక ఎవరో ఆ మాట హిందీలో చెప్పినట్టున్నారు, ఫూల్‌మతి బెదురుతూ లేచి, బిడ్డను పైకెత్తి చూపింది. పోయిన నెల ఇక్కడి సర్కారు ఆసుపత్రిలోనే పుట్టింది ఆ పాప.

కొందరు నవ్వారు. గురువమ్మకు నవ్వు రాలేదు. జయరాం మీద కోపం కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. గబగబా వెళ్లి బిడ్డను ఎత్తుకుని, వేదికెక్కి, జయరాం ముందున్న బల్ల మీద, ఆ జాబితా మీదే పడుకోబెట్టింది.

"నీ లెక్కకు ఈ హాల్లో ఇదొక్కతే ఈ ఊరిది. దీని తల్లి పేరు కొట్టేస్తే చప్పట్లు కొట్టినాను నేను, సిగ్గులేనిదాన్ని. ముందు ఆ పేరు రాయి. నాది తర్వాత రాద్దువు."