కుచ్చుకో గ్లాసు

శనివారం పొద్దున్న మా ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి గ్లాసు లేదు. ఉన్నవన్నీ అమ్మ లేసులో ఇరుక్కుని ఉన్నాయి.

మా అమ్మ సంపూర్ణమ్మ పెళ్ళికి ముందు నుంచీ లేసు అల్లుతోంది. చర్చి వార్షికోత్సవానికి బలిపీఠం మీద పూలకూజా కింద వేసే గుండ్రటి లేసు ఏటా ఆవిడదే. ఈసారి బేబీ పిన్ని తణుకులో మిషను లేసు కొనుక్కొచ్చి పాస్టరమ్మగారికి చూపించింది. ఎవరినీ నొప్పించలేక ఆవిడ, "శనివారం సాయంత్రం అలంకరణ వేళకి ఏది సిద్ధంగా ఉంటే అది వేద్దామండి" అన్నారు.

అంతే, అమ్మకి పట్టుదల వచ్చేసింది. మామూలు లేసు చాలదట, అంచు చుట్టూ కుచ్చులు పువ్వు రేకుల్లా నిలబడాలట. సగ్గుబియ్యం గంజి కాచి, లేసు ముంచి పిండి, చెక్క మీద పరిచి మధ్యలో గుండుసూదులు గుచ్చింది. కుచ్చులు వాలకుండా ఒక్కోదాని కింద ఒక్కో స్టీలు గ్లాసు పెట్టింది. బయటేమో గురువారం నుంచి వదలని ముసురు. ఇక గంజి ఎక్కడ ఆరుతుంది? ఫ్యాను వేస్తే కుచ్చులన్నీ ఒకే పక్కకి వంగాయి. నేను వాటిని సరిచేసేలోగా కరెంటు పోయింది.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అందుకని ఉపాయాలు చెప్పే బాధ్యత నాది, వినకపోవడం అమ్మది.

"అమ్మా, ముట్టుకోకుండా వదిలెయ్. అదే ఆరుతుంది."

"ముట్టుకోకపోతే వాలిపోద్దే."

"నువ్వు ముట్టుకోబట్టే వాలిపోతోంది!"

"ఏం, డిగ్రీలో గంజి పెట్టడం కూడా చెప్పారేంటి నీకు?"

ఇంతలో నాన్న పొలం నుంచి తడిసి వచ్చారు. టీ పోసుకుందామని అడ్డమొచ్చిన గ్లాసు లాగేశారు. అమ్మ కేక విని నేను వంటింట్లోంచి పరిగెత్తాను.

"ఒక్కటేగా తీశాను సంపూర్ణం, ఇన్ని ఉన్నాయి!"

"చెంబుతో తాగితే టీ దిగదా అండీ మీకు?"

గ్లాసు కడిగి మళ్ళీ పెట్టేసరికే ఆ కుచ్చు పడుకుంది. మిగతావేవీ ఆరలేదు గానీ, అదొక్కటి మాత్రం వంకరగానే ఆరింది.

సాయంత్రం బేబీ పిన్ని గొడుగేసుకుని దిగింది. చెక్క వంక చూసి, "ఆరలేదా అక్కా? పర్లేదులే, నాది ఉందిగా" అంది.

"ఎందుకారలేదు? నువ్వు పద, వెనకాలే తెస్తున్నాను."

పిన్ని గుమ్మం దాటిందో లేదో నాకు ఒళ్ళు మండింది. "ఎలా తెస్తావమ్మా? గ్లాసులతో సహా మోసుకెళ్తావా?"

నేను కోపంతో అన్నది అమ్మ సలహాగా తీసుకుంది.

చెక్కకి చెరో పక్కా అమ్మా నాన్నా, పైన గొడుగు పట్టుకుని నేను. నాన్న గుంత తప్పించినప్పుడల్లా గ్లాసులు గలగలలాడాయి. "టీ ఎక్కడికండోయ్ చిట్టియ్యగారూ?" అని కిళ్ళీ కొట్టు దగ్గర ఎవరో నాన్నని చూసి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పాస్టరమ్మగారు ఆ గ్లాసుల్ని కాసేపు చూశారు. "సరేలెండి, కరెంటు వచ్చిందిగా, రాత్రంతా ఇక్కడే ఫ్యాను చిన్నగా వేసి ఉంచుదాం" అన్నారు. బేబీ పిన్ని తన మిషను లేసు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆదివారం ఉదయం గ్లాసులు తీస్తే లేసు నిజంగానే పువ్వులా నిలబడింది. ఒక్క కుచ్చు తప్ప. చర్చికొచ్చిన వాళ్ళంతా బాగుందన్నారు. అమ్మకి మాత్రం ఆ ఒక్కటే కనిపిస్తోంది. ప్రసంగం పొడుగునా నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉంది.

"ఎవరికీ కనపడదమ్మా."

"నాకు కనపడుతుందిగా."

పాస్టరుగారు ఊళ్ళో వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతూ ప్రార్థన మొదలుపెట్టారు. అందరం కళ్ళు మూసుకున్నాం. పక్కన ఖాళీగా అనిపించి నేను కళ్ళు తెరిచాను. అమ్మ బలిపీఠం దగ్గరుంది. వేలు నోట్లో తడుపుకుని ఆ కుచ్చుని పైకి లేపుతోంది!

ఎవరైనా చూస్తున్నారేమోనని భయంగా అటూ ఇటూ చూశాను. బేబీ పిన్ని కళ్ళు బార్లా తెరిచి చూస్తోంది. అయిపోయాం అనుకున్నాను. పిన్ని చెయ్యి మెల్లగా లేచింది.

'ఇంకొంచెం ఎడమకి' అని సైగ చేస్తోంది.

అమ్మ ఎడమకి జరిపింది. పిన్ని తల అడ్డంగా ఊపింది. అమ్మ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. పాస్టరుగారు ఆమెన్ దగ్గరికి వచ్చేస్తున్నారు. నేను గట్టిగా కళ్ళు మూసుకుని, ఆయన ఊళ్ళో ఇంకెవరినైనా మరిచిపోయి ఉంటే ఇప్పుడే గుర్తు చెయ్యమని దేవుణ్ణి వేడుకున్నాను.