గుండీలు కుట్టని గౌన్లు

బట్టలు కుట్టే అక్క, వీడియోలు తీసే చెల్లెలు ఒకే గదిలో పనిచేసేవారు. ముందు సగంలో కుట్టు మిషను, వెనక సగంలో తెల్లటి తెర, లైటు, ఫోను నిలబెట్టే స్టాండు. వీధిలో అక్కను టైలరమ్మ అనేవారు. చెల్లెల్ని ఇంట్లో పిడుగు అనేవారు. పిడుగు ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

మొదట్లో ఐడియాలన్నీ టైలరమ్మవే. చిరిగిన కాలరును విప్పి, తిరగేసి కుట్టడం ఎలాగో ఒకసారి చూపించింది. మూడు వందల మంది చూశారు. భార్య పోయిన ఒకాయన, తన చొక్కా తానే బాగుచేసుకున్నానని కింద రాశాడు. ఆ మాటను టైలరమ్మ మళ్లీ మళ్లీ చదివించుకుంది.

"ఒక్కడికి పనికొచ్చింది, చాలదటే?"

"మూడొందల మంది మన వీధిలోనే ఉన్నారక్కా. కాలరు ఐడియా మంచిదే, కానీ బలమైంది కాదు. మంచిదైతే చూసి ఊరుకుంటారు. బలమైందైతే ఇంకో పదిమందికి పంపుతారు."

పిడుగుకు ఒక నోటుపుస్తకం ఉండేది. తోచిన ఐడియానల్లా అందులో రాసి, దాని పక్కన ఒకటే ప్రశ్న వేసుకునేది: చూసేవాళ్ల గొంతు పట్టేస్తుందా? దాదాపు అన్నిటి పక్కనా ఇంటూ మార్కే పడేది.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. గిరాకీ లేదు. టైలరమ్మ బీరువా అడుగునుంచి సంచి తీసి, మూడు చిన్న గౌన్లు ఒళ్లో పరుచుకుంది. నాలుగేళ్ల కిందట, ఏడో నెలలో కడుపులోనే పోయిన బిడ్డ కోసం కుట్టినవి. ఎవరికో ఇచ్చేశానని మొగుడికి చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. ఆ ఊసెత్తితే అన్నం ముందునుంచి లేచిపోయే మనిషి.

"వీటికి గుండీలు కుట్టలేదే," అంది చెల్లెలితో. "కుట్టేస్తే ఇంక చెయ్యడానికేం మిగలదని."

ఇంకా చాలా చెప్పింది. వెలుతురు సరిచూడటానికి పెట్టిన ఫోను ఎదురుగా రికార్డు చేస్తూనే ఉంది. ఆ సంగతి పిడుగుకు మధ్యలో గుర్తొచ్చింది. ఆపలేదు.

వారం తర్వాత, ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన బడి టీచరు ఉన్నట్టుండి టైలరమ్మ భుజం పట్టుకుంది. "గుండె రాయి చేసుకుని ఎలా ఉంటున్నారమ్మా? మా స్టాఫ్ రూములో అందరం ఏడ్చాం."

టైలరమ్మ నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, అప్పుడు అడిగింది. "దేనికండీ?"

పిడుగు దాచలేదు. "ఎనిమిది లక్షల మంది చూశారక్కా. నీ కోసం ఎంతమంది ఏడ్చారో చూడు."

"నేను ఏడవమన్నానా?"

"నీ బాధ వింటే ఇంకొకళ్లకి ధైర్యం వస్తుంది కదా."

"నన్నొక మాట అడగొచ్చుగా."

"అడిగితే వద్దనేదానివి."

"అంటే, తెలిసే చేశావు."

పిడుగు వీడియో తీసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. అప్పటికే ముక్కూ మొహం తెలియనివాళ్లు దాన్ని కాపీ చేసి, ఏడుపు సంగీతం తగిలించి పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం డ్రైవరు చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. డిపోలో కండక్టరు తన ఫోనులో చూపించాడట.

"ఇచ్చేశానన్నావుగా."

ఆమె చూపు బీరువా వైపు పోయింది.

"ఒక్కటైనా ఉంచుంటే బాగుండేదని నేనూ అనుకునేవాణ్ణి. అడిగితే ఏడుస్తావని ఊరుకున్నా. డిపో అంతా విన్నాక చివరికి నా చెవిన పడిందా ఈ మాట?"

ఆమె గౌన్లు తెచ్చి ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. ఆ రోజునుంచి ఇద్దరి మధ్యా ఉప్పు, నీళ్లు, తాళంచెవి లాంటి మాటలే మిగిలాయి.

పిడుగు సామాను సర్దుకుని వెళ్లిపోయింది. ఆ వీడియో చూసిన ఒక కంపెనీ ఐడియాలు ఎంచే ఉద్యోగం ఇచ్చింది. నెల తర్వాత ఫోను చేసింది.

"అక్కా, నీకు క్షమాపణ చెప్తూ ఒకటి తీస్తున్నా. ఊరికే పక్కన కూర్చుంటావా?"

టైలరమ్మ రానంది. పిడుగు ఒక్కతే కూర్చుని క్షమాపణ చెప్పింది. అదీ బాగానే ఆడింది.

తర్వాత షాపుకి కొత్త మనుషులు రావడం మొదలైంది. చిరునామా ఆ వీడియోల కిందే ఉండేది. అందరి చేతుల్లోనూ సంచులు, సంచుల్లో పోయిన పిల్లల బట్టలు. వాటితో దిండు గలీబు చేసిపెట్టమని ఒకామె, దుప్పటిలో అతికిపెట్టమని ఇంకొకామె. ఇద్దర్నీ తనవల్ల కాదని పంపేసింది. మూడో ఆవిడ ఏమీ అడగలేదు. సంచి బల్ల మీద పెట్టి, ముడి విప్పబోయి, అలాగే వదిలేసి వెళ్లిపోయింది.

టైలరమ్మ ముడి విప్పింది. వాడి వాడి మెత్తబడిన చొక్కాలు. ఒకదాని జేబులో రంగు పెన్సిలు ముక్క.

ఈ సంగతి ఎలాగో తెలిసి పిడుగు ఫోను చేసింది. "అక్కా, నిజమేనా? ముఖాలు చూపించను, ఒట్టు. చేతులు, బట్టలు, అంతే. ఇంతకంటే బలమైన ఐడియా నాకు..."

"చేతిలో పనుందే," అని టైలరమ్మ ఫోను పెట్టేసింది. మళ్లీ మోగినా ఎత్తలేదు. పెన్సిలు ముక్కను కాగితంలో పొట్లం కట్టి, సంచి వదిలివెళ్లినావిడదని దానిపై గుర్తు గీసి, తలుపు గడియ వేసి, ఆవిడ అడగని దుప్పటి కోసం మొదటి చొక్కా కుట్లు విప్పడం మొదలుపెట్టింది.