పట్టీల వెండి

నాలుగోసారి కూడా ముక్కు దగ్గరే చీలింది.

పద్మనాభం సుత్తి పక్కన పడేశాడు. లక్క పలక మీద అతికించిన వెండి రేకులో భార్య సుబ్బులు మొహం సగమే లేచింది. కంటికొస నుంచి గడ్డం దాకా వెంట్రుకంత పగులు. తెల్లారితే ఆమె సంవత్సరీకం.

మొగుడుండగా పోయిన ఆడదాన్ని వాళ్ల ఇళ్లల్లో పేరంటాలని కొలుస్తారు. ఏడాది తిరిగేసరికి ఆమె కాళ్ల పట్టీలు కరిగించి, ఆ వెండి రేకు మీదే ఆమె బొమ్మ కొట్టి దేవుడి మూల పెట్టాలి. వేరే వెండి రవ్వంత కలిపినా అది ఆమె కాదు. బాపట్ల పక్క పల్లెలో తాత, తండ్రి అలాగే చేశారు. పట్నం వచ్చి మెట్టుగూడలో రెండు గదుల ఇంట్లో చేరినా ఆ పద్ధతి మారలేదు.

కరిగించిన ప్రతిసారీ కొంత తరుగు పోతుంది. మొదటి రేకు అరచేయంత వచ్చింది. ఇప్పుడు మూడు వేళ్ల వెడల్పు.

షాపులో పక్క పీట మీద పనిచేసే సోమాచారి మెడ సాచి చూశాడు.

"గదేం ఎండి అన్నా, బిస్కిట్ లెక్క పలుగుతున్నది? జెర మంచి ఎండి కలుపు. ఎవలు చూస్తరు?"

"నేను చూస్తాను."

"అమ్మోరి మొకాలు కండ్లు మూసుకొని కొడతవ్. వదినె మొకం కాడికొస్తే చెయ్యి వణుకుతున్నది. ఇప్పుడు సుత భయమేనా?"

"నీ పని చూసుకో."

జబ్బు చేతిది కాదు, వెండిది. అది పద్మనాభానికి మొదటి దెబ్బకే తెలిసింది.

కూతురు పుట్టినప్పుడు సుబ్బులు ఒక్కటే అడిగింది. "ఊరందరికీ చేస్తావు. నాకూ ఒక జత నీ చేత్తో చెయ్యవయ్యా." పెళ్లిళ్ల రోజులు, తీరిక లేదు. మిషను పట్టీలు కొన్నాడు. గీటురాయి మీద గీసి చూశాడు కూడా. నూటికి అరవై పాళ్లు కూడా వెండి లేదు. జేబులో వేసుకుని ఇంటికెళ్లి, "నేనే చేశాను, మేలిమి" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు వేసుకుంది. ఆఖరికి ఆస్పత్రిలో నర్సు తీసెయ్యమంటే, "మా ఆయన చేసినవి" అని కాళ్లు ముడుచుకుంది. అప్పుడు కూడా అతను నోరు విప్పలేదు.

కుంపటి రాజేసి ఐదోసారి కరిగించాడు. పది దెబ్బలకోసారి కాల్చి మెత్తబరిచాడు. నుదురు వచ్చింది. కళ్లు వచ్చాయి. ముక్కు మీద ఉలి ఆనించగానే టప్‌మంది. ఈసారి రెండు ముక్కలు.

కూతురు మాధురి అప్పుడే క్యారియర్ పట్టుకుని వచ్చింది. "అయిందా నాన్నా?"

"అవదమ్మా. ఇది మంచి వెండి కాదు. నేను చేసినవీ కావు. కొని తెచ్చి, చేశానని చెప్పాను."

మాధురి క్యారియర్ కింద పెట్టింది. "అమ్మకి తెలుసు."

"ఏం తెలుసు?"

"మొదటి ఎండాకాలానికే చీలమండలు నల్లబడ్డాయంట. ప్రతి శనివారం నువ్వు షాపుకెళ్లాక పట్టీలు చింతపండుతో తోమేది. మీ నాన్నకి చెప్పకే, చిన్నబోతాడు అనేది."

"నన్నేమైనా అందా?"

"అనేది ఉంటే నీతోనే అనేది. నువ్వు అడిగావా ఎప్పుడైనా?"

సోమాచారి తల వంచుకుని తన పనిలో పడ్డాడు.

పద్మనాభం రెండు ముక్కలూ మూసలో వేసి కరిగించాడు. బొటనవేలంత రేకు వచ్చింది. మొహం పట్టదు. పట్టినా నిలవదు. లోతు కొట్టకుండా, గీతలతో రెండు పాదాలు గీశాడు. చీలమండల దగ్గర చెయ్యి ఆగింది. పట్టీలు గీయలేదు. రేకు చీలలేదు.

నిప్పు తగిలిన ఆ వెండి కాటుకలా నల్లబడింది.

పొద్దున్నే దేవుడి మూల మాధురి దాన్ని చేతిలోకి తీసుకుంది. రెండో చేతిలో నానబెట్టిన చింతపండు.

పద్మనాభం ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తోమకు."

"నల్లగా ఉంది నాన్నా. అందరూ చూస్తారు."

"చూడనీ."