చెవుల మీది టేపు

లోర్కన్ కల్హేన్ నల్లటేపును చెవుల మీదుగా తల చుట్టూ మూడోసారి తిప్పి, మిగిలిన పళ్ళతో తెంపాడు.

"ఇంకా దేనికయ్యా ఆ కాపలా? ఆ చెవులు నలిగి కాలీఫ్లవర్ పువ్వులై పదేళ్ళయింది," అంది అట్రాక్టా. ఐర్లండ్‌లో, లిమరిక్‌లోని ఆ చిన్న రగ్బీ క్లబ్బులో ఇరవై ఏళ్ళుగా చొక్కాలు ఉతికేది ఆమే.

"ఉన్నదాన్నైనా దక్కించుకోవద్దా, అక్కా?"

వారమంతా మార్కెట్లో మాంసం కొడతాడు. శనివారం రగ్బీ ఆడతాడు. పద్దెనిమిది సీజన్లు. ఆటకు ఇచ్చింది రెండు పళ్ళు, రెండు చెవులు, ఒక వేలికణుపు. పుచ్చుకున్నది, ఎనిమిదిసార్లు డబ్లిన్‌లో దేశపు పచ్చచొక్కా తొడుక్కుని బెంచీ మీద కూర్చోవడం. ఆట నడుస్తుండగా మైదానంలోకి దిగినవాడికే దేశానికి ఆడినట్టు గుర్తుగా ఇచ్చే టోపీ, కూర్చున్నవాడికి లేదు. అందుకు అతను ఏడవలేదు. ఒక్కటి మాత్రం తెలుసుకోవాలని ఉండేది: రెండు జట్లూ ఎనిమిదేసి మంది తలలు వంచి, భుజాలు కలిపి తోసుకునే స్క్రమ్‌లో తల దూర్చినప్పుడు యాభైవేల మంది అరుపు లోపలికి వినిపిస్తుందా? ఆడొచ్చినవాళ్ళను అడిగేవాడు. "పక్కవాడి ఊపిరి తప్ప ఏం వినపడదురా," అనేవారు. నమ్మేవాడు కాదు.

ఈరోజు ఓడితే క్లబ్బు కింది విభాగానికి దిగిపోతుంది. ఆట ముగియడానికి ఆరు నిమిషాలున్నాయి, లోర్కన్ జట్టు రెండు పాయింట్లు ముందుంది. అవతలివాళ్ళు బంతితో దాటితే పాయింట్లు కొట్టే వీళ్ళ గీతకు ఐదు మీటర్లలో స్క్రమ్, బంతి అవతలివాళ్ళది. తోపుడులో వీళ్ళదే పైచేయి. ఆ ఒక్క స్క్రమ్ నెట్టేస్తే గట్టెక్కినట్టే. లోర్కన్‌కు బదులు దిగాల్సినవాడు మోకాలు పట్టుకుని ఎప్పుడో బయటికెళ్ళాడు.

"నన్ను పట్టుకోవేంరా ముసలోడా?" అన్నాడు పక్కనే, ముందువరుస మధ్యలో ఉన్న టీర్నన్.

"పట్టుకున్నాగా."

"ఎక్కడ?"

లోర్కన్ చూసుకున్నాడు. ఎడమచెయ్యి తొడపక్కన వేలాడుతోంది. చలికాలం నుంచి ఆ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, ఎవరికీ చెప్పలేదు. పదహారు మంది బరువు కూలితే, మధ్యవాడి రెండు చేతులూ పక్కవాళ్ళ భుజాల మీదే ఉంటాయి. నేలకు ముందు తగిలేది వాడి తల, విరిగేది వాడి మెడ. కానీ బదులు మనిషి లేకుండా ముందువరుసలోవాడు తప్పుకుంటే, నిబంధన ప్రకారం తోపుడే ఉండదు. అవతలివాళ్ళకు బంతి ఊరికే దక్కుతుంది, పైగా మనవాడొకడు తగ్గుతాడు.

లోర్కన్ రెఫరీ దగ్గరికి నడిచాడు. "చెయ్యి పోయింది సార్. నేను తొయ్యలేను." పద్దెనిమిదేళ్ళలో తనంతట తాను బయటికి రావడం అదే మొదలు.

బట్టలు మార్చుకునే గదిలో అట్రాక్టా కత్తెరతో టేపును వెనకనుంచి కోసింది. చెవులు తేలికపడ్డాయి. అప్పుడే బయట అరుపు లేచింది, గోడల్లోంచి, బెంచీలోంచి, ఒంట్లోకి. అతను కదలకుండా విన్నాడు.

"ఎవరిదక్కా?"

ఆమె కిటికీలోంచి చూసింది. "వాళ్ళదే నాయనా. గీత దాటేశారు."

కాసేపటికి బురదతో టీర్నన్ వచ్చాడు. లోర్కన్ ఎదురుగా నిలబడి, మెడను ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ తిప్పి చూపించాడు.

"తిరుగుతోందిరా ముసలోడా," అన్నాడు.

లోర్కన్ తలూపి, కుడిచేత్తో కోటు అందుకుని తలుపు దాటాడు. సోమవారం ఆసుపత్రికి వెళ్ళాడు. మైదానానికి మళ్ళీ రాలేదు.

అట్రాక్టా చొక్కాలన్నీ ఏరింది గాని బెంచీ మీది టేపును ముట్టుకోలేదు. అది పడిపోకుండా, అతని తలంత గుండ్రంగా, చెవుల దగ్గర రెండు ఉబ్బులతో అలాగే నిలబడి ఉంది.