బూరెల దుప్పటి

నేను ఒక లావుపాటి అల్లిక సూదిని. సూది అన్నానని ముక్కు వాడిగా ఉంటుందనుకోకండి. చిటికెన వేలంత ఒళ్ళు, కొసన చిన్న కొక్కెం. నర్సాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళకి ఆ కొక్కెమే సూది. వాళ్ళ సూదులు ఇనుపవి, సన్నటివి, నాజూకైనవి. నేను చెక్కని. నాకు నాజూకు లేదు, ఎక్కువ మాట్లాడే అలవాటూ లేదు. జరిగింది చెప్తాను.

కొండాచారి అనే వడ్రంగి, మంచం కోడు చెక్కగా మిగిలిన టేకు ముక్కలోంచి నన్ను తీశాడు. చెక్కమన్నావిడ వరహాలమ్మ. ఆవిడ వేలు చూపించి కొలత చెప్తే, ఆచారి వేలు వంక చూసి, ఆవిడ వంక చూసి, "చెవిపుల్లాండి? ఏనుగుకా?" అన్నాడు.

"నీ పని చూడు ఆచారీ. వెక్కిరించడానికి మా వీధిలో శానామంది ఉన్నారు."

ఉన్నారు. ఎందుకున్నారో తర్వాత నాకే తెలిసింది.

ఆ వీధిలో లేసంటే వరహాలమ్మే. దారం బిగించి లాగడం ఆవిడ గొప్ప. ఆవిడ అల్లిన పువ్వుని నీళ్ళలో ముంచి పిండినా రేకు చెదరదని పేరు. ఆడపిల్లలు ఎవరు నేర్చుకోవాలన్నా ఆవిడ వసారాలోకే వచ్చేవారు. ఉచ్చు వదులైతే మొట్టికాయ పడేది. ఆ మొట్టికాయలు అందరికంటే ఎక్కువ తిన్నది సొంత కోడలు నాగవేణి. ఆమె అల్లింది చూసి "లేసు అల్లమంటే దోమతెర అల్లేవేంటే" అని ఊడదీయించేది. చివరికి విసిగిపోయి ఆమెను వంటింటికి పంపేసింది.

అలాంటి రోజుల్లో లేసు కంపెనీవాళ్ళు సన్నదారం పని ఆపేశారు. ఇకమీదట ఉన్నితో పసిపిల్లల దుప్పట్లు, టోపీలు, భుజాన వేసుకునే సంచులు కావాలన్నారు. అదీ ఉబ్బెత్తు కుట్టుతో. శనివారానికి జానెడు నమూనా సరిగ్గా అల్లినవాళ్ళకే పని ఇస్తామన్నారు. ఆ ముక్క రాకపోతే వరహాలమ్మకి పని పోతుంది. పనికన్నా ముందు వసారా పోతుంది. నేర్చుకునేవాళ్ళు ఇంకో ఇంటికి వెళ్ళిపోతారు. ఆవిడ భయం అదీ.

నేర్పడానికి కంపెనీ తరఫున నీలిమ అనే అమ్మాయి వచ్చింది. ఆ కుట్టుని 'బాబుల్' అంటారని చెప్పింది.

"బొబ్బలా?" అంది వరహాలమ్మ. "పసిబిడ్డ మీద బొబ్బల దుప్పటి కప్పుతారా ఎవరన్నా? అమ్మవారు పోసినట్టు?"

"బొబ్బలు కాదమ్మా, బాబుల్."

"ఏదైనా ఆ మాట ఇక్కడ వద్దు. బూరెలందాం."

పేరు మారింది. పని మాత్రం మారలేదు. ఆ పని నాది కాబట్టి నేనే చెప్పాలి. ఒకే కన్నంలోకి మళ్ళీ మళ్ళీ దిగుతాను. దిగినప్పుడల్లా ఒక ఉచ్చు పైకి తెస్తాను. అవన్నీ నా మెడ మీద వరసగా కూర్చున్నాక, అన్నిట్లోంచీ ఒక్క లాగులో బయటికి రావాలి. అప్పుడు బూరె పొంగుతుంది. బయటికి రావాలంటే ఉచ్చులు వదులుగా ఉండాలి. ఆవిడ ఒక్కో ఉచ్చునీ నా మెడకి ఉరిలా బిగించేది. బిగించి, రమ్మనేది. ఎలా వస్తాను?

రాకపోతే తిట్టేది. "దిక్కుమాలిన చెక్క మొహం." వస్తే, నాతోపాటు ఉన్ని పీచులు పీచులుగా ఊడి వచ్చేది. బూరె పొంగేది కాదు. అల్లిన ముక్క కొబ్బరి చిప్పలా ముడుచుకునేది. ఊడదీసేది, మళ్ళీ అల్లేది. ఉన్నికి నూగు లేచిపోయింది. ఎదురింటి మంగతాయారు వచ్చి చూసి, "బూరెలన్నావు, చెక్కలయ్యాయేంటి వదినా" అంది.

నీలిమ మెల్లగానే చెప్పింది. "బిగించకండమ్మా."

"బిగించకపోతే లేసెలాగవుద్దమ్మా?"

"ఇది లేసు కాదుగా."

వరహాలమ్మ ఆ పూట అన్నం తినలేదు. మనుషులు చిత్రం. రానిదాన్ని నేర్చుకోగలరు గానీ, వచ్చినదాన్ని చేతిలోంచి తీసెయ్యలేరు.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ నన్ను పట్టుకుని పంతానికి లాగింది. నా ముక్కు విరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. కొక్కెం ఉచ్చుల్లోనే ఉండిపోయింది, నేను ఆవిడ చేతిలో మిగిలాను.

చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి నాగవేణి వచ్చింది. విరిగిన నన్ను చూసింది, అత్తగారి మొహం చూసింది. లోపలికి వెళ్ళి పప్పు డబ్బా వెనకనుంచి ఒక మూట తెచ్చి ముందు పెట్టింది. అందులో అచ్చు నాలాంటి సూది ఇంకోటి ఉంది, ఆచారి చెక్కిందే. దాంతోపాటు జానెడు ఉన్ని ముక్క. దాని నిండా పొంగిన బూరెలు.

"గుమ్మంలోంచి చూసి అల్లేనత్తయ్యా. మీరేవంటారోనని చెప్పలేదు."

వరహాలమ్మ ఒక బూరెని నొక్కింది. నొక్కితే దిగి, వదిలితే లేచింది. ముక్కని తిరగేసి తప్పు కోసం వెతికింది. దొరకలేదు.

"ఎలా లాగుతున్నావు?"

"ఏవోనత్తయ్యా. మీరు దోమతెరని తిట్టేవోరు చూడండి, అలాగేనండి."

వరహాలమ్మకి నవ్వు రాలేదు. "అల్లు, చూస్తాను" అని కోడలి చేతి మీద తన చెయ్యి వేసింది. పలక మీద అక్షరాలు దిద్దించేటప్పుడు నేర్పేవాళ్ళ చెయ్యి పైన ఉంటుంది. ఇక్కడ పైనున్న చెయ్యే నేర్చుకోవాలి. అది నేర్చుకోలేదు. కాసేపటికి కోడలి ఉచ్చులు కూడా బిగుసుకున్నాయి. వరహాలమ్మ చెయ్యి తీసేసింది.

శనివారం వసారా నిండా ఆడవాళ్ళు. విరిగినా నన్ను పారెయ్యకుండా ఆవిడ రొంటిన దోపుకుంది కాబట్టి అన్నీ విన్నాను. నీలిమ ఆ ముక్క చేతికి తీసుకుని, "చూశారా అమ్మా, పట్టేశారు" అంది. నాగవేణి తల దించుకుంది. అత్తగారు ఊఁ అంటే ఆమె కాదనేది కాదు. మంగతాయారు మెడ చాచి చూస్తోంది. వరహాలమ్మ వేళ్ళు రొంటి దగ్గర నన్ను గట్టిగా పట్టుకున్నాయి.

"నాది కాదు. మా నాగవేణిది."

ఆ ముక్కని నీలిమ చేతిలోంచి తీసి కోడలి ఒళ్ళో పెట్టింది.

"ఇకనుంచి ఇక్కడ కూర్చుని అదే చెప్పుద్ది. నేర్చుకునేవోళ్ళు దాని పక్కన కూర్చోండి. మొట్టికాయలు మాత్రం నేనేస్తాను."

మంగతాయారే ముందు నవ్వింది. వరహాలమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పప్పు అడుగంటుతోంది.

ఇప్పుడు నాది వేరే ఉద్యోగం. విరిగిన కొసని సన్నికల్లు మీద అరగదీసి గాటు పెట్టారు. ఆ గాటుకి బొందు కొస కట్టి, లంగాలకి ఎక్కిస్తారు. ఆ పని వరహాలమ్మే చేస్తుంది. నన్ను లంగా నడుము మడతలోకి తోసి, అవతల పట్టుకుని, పళ్ళు బిగించి ఒక్క లాగు లాగుతుంది. అక్కడ ఎంత బిగించినా తప్పుపట్టేవాళ్ళు లేరు.