మేయర్ గారి అలక

ఊసరవెల్లుల గురించి బ్రాన్సన్‌కి తెలియని విషయమంటూ లేదు. ఈ మాట చెప్పింది బ్రాన్సనే, నోటినిండా ముసుబి అనే అన్నం ముద్ద కుక్కుకుని. ఎదురుగా అతని బాబాయి కూతురు కవేహి పంజరం పట్టుకుని నిలబడింది. పడవ పందేల కోసం ఒవాహు దీవికి వెళ్తూ, తను పెంచుకుంటున్న ఊసరవెల్లిని అతనికి అప్పగిస్తోంది.

"పైనుంచి పట్టుకోకు అన్నా, గద్ద అనుకుని హడలిపోతాడు. చెయ్యి కిందనుంచి తెచ్చి ముందు పెట్టు. ఎక్కాలనిపిస్తే వాడే ఎక్కుతాడు."

"నాకు నేర్పుతున్నావా? నేను ఎర్రగా మారమంటే ఎర్రగా మారతాడు, తెలుసా?"

"వాళ్ళు అలా మారరు."

"నీకు మారరు."

ఆ ఊసరవెల్లి పేరు మేయర్. ముఖం మీద మూడు కొమ్ములు. ఒక కన్ను తూర్పుకి చూస్తుంటే ఇంకోటి పడమర వ్యవహారాలు చూసుకుంటుంది, అందుకే ఆ పదవి. అగ్గిపుల్లంత ఉన్నప్పటినుంచీ కవేహి పెంచింది. కూలా ఊరు మొత్తంలో మేయర్ తనంతట తాను ఎక్కే చెయ్యి ఆమెదొక్కటే.

బాబాయి కారు మలుపు తిరిగిందో లేదో, బ్రాన్సన్ మేయర్‌ని పైనుంచే పట్టుకుని ఎర్ర తువ్వాలు మీద కూర్చోబెట్టాడు. మేయర్ గారు ఎర్రబడలేదు. మాడిన గిన్నె అడుగులా నల్లబడ్డారు, ఒళ్ళు ఉబ్బించారు, టైరులోంచి గాలి పోతున్నట్టు బుస్సుమన్నారు. బ్రాన్సన్ మనసు చివుక్కుమంది. కాస్త ఆలోచించుకోనిద్దామని పెరట్లో అవకాడో చెట్టు మీద వదిలి, ఇంకో ముసుబి కోసం లోపలికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి కొమ్మ ఖాళీ.

ఊసరవెల్లి నడక అందరికీ తెలిసిందే. కాలు ఎత్తుతుంది, వెయ్యాలా వద్దా అని ఊగుతుంది, ఆకుల్ని సంప్రదిస్తుంది, కాలు వెనక్కి తీసుకుంటుంది. అలాంటి జీవి బ్రాన్సన్‌ని పరుగుపందెంలో ఓడించింది. పైగా, అంత బతిమాలినా ఎర్రబడనివాడు చెట్టెక్కగానే ఆకైపోయాడు! ఇంతకంటే నమ్మకద్రోహం ఉంటుందా? బ్రాన్సన్ మెడ పట్టేసేదాకా కొమ్మలు వెతికాడు. "మేయర్ గారూ" అని మర్యాదగా కూడా పిలిచాడు. ఏ ఆకూ పలకలేదు.

కవేహి తిరిగొచ్చే రోజు పొద్దున, మంచు విడుతుండగా, అతను వెనక కంచె దగ్గరికి వెళ్ళాడు. కూలాలో ఊసరవెల్లులకి కరువు లేదు, చెట్టు కింద తుమ్మితే నెత్తిమీద ఒకటి పడుతుంది. అంతే పొడుగు, అవే మూడు కొమ్ములు ఉన్నదాన్ని చూసి తెచ్చి పంజరంలో పెట్టాడు.

"నువ్వే మేయర్‌వి. సరేనా?"

అది ఒక కంటితో ఒప్పుకుంది. రెండో కన్ను ఒప్పుకోలేదు.

సాయంత్రం కవేహి వచ్చింది. భుజాన సంచి కూడా దించకుండా పంజరం తలుపు తీసి, చెయ్యి కిందనుంచి ముందుకు పెట్టింది. ఊసరవెల్లి నల్లబడింది. నోరు తెరిచి బుసకొట్టింది. ఆమె ఇంకా నెమ్మదిగా మళ్ళీ పెట్టింది. అది వేలు కరిచింది.

"ఏమైంది వీడికి?"

"అలక. వదిలేసి వెళ్ళావుగా."

"ఊసరవెల్లులు అలగవు."

"మేయర్లు అలుగుతారు."

కవేహి నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని వేలి వంక చూసుకుంది.

"చెయ్యి తిమ్మిరెక్కినా కదలకుండా పట్టుకుని కూర్చునేదాన్ని అన్నా, నెలల తరబడి. అప్పుడు నమ్మాడు నన్ను. ఒక్కసారి ఊరెళ్తే అదంతా పోయిందా?"

ముక్కు తుడుచుకుని లేచి, పంజరాన్ని చెట్టు దగ్గరికి మోసుకెళ్ళింది. "వదిలేస్తా. నన్ను చూస్తే హడలిపోయేవాణ్ణి పంజరంలో పెట్టి ఏం చేసుకోను? ఇంకెప్పుడూ దేన్నీ పెంచను."

సాక్ష్యం తన కాళ్ళతో తనే చెట్టెక్కి పోబోతోంది. ఇంతకంటే ఏ దొంగకైనా ఏం కావాలి? బ్రాన్సన్ నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆమె భుజాలు కదులుతుంటే చూడలేక ఓదార్చబోయాడు.

"ఊరుకో కవీ. వాడేం బెంగ పెట్టుకోలేదులే. రోజూ గిన్నెడు నీళ్ళు గటగటా తాగాడు. ఒకరోజు ఇంకో గిన్నె అడిగాడు కూడా."

తలుపు మీద ఆమె చెయ్యి ఆగింది.

"గిన్నెలోనా?"

"ఆ. నీలం గిన్నె."

"ఆకుల మీద చల్లలేదా?"

"గిన్నె ఉండగా చల్లడమెందుకు?"

"నిలిచిన నీళ్ళని అవి పట్టించుకోవు అన్నా. ఆకు మీంచి బొట్టు జారుతుంటేనే నాలుక చాపుతాయి. మేయర్ పుట్టి బుద్ధెరిగి గిన్నె వంక చూడలేదు." ఆమె పంజరంలోకి చూసింది. కొమ్ములు చూసింది, మెడ చూసింది. తర్వాత అన్నని చూసింది. "ఇదెవరు?"

బ్రాన్సన్ ఒక అబద్ధం కోసం వెతుక్కున్నాడు. ఎప్పుడూ గుంపులుగా ఉండేవి, ఆ పూట ఒక్కటీ లేదు.

"తెలీదు. పొద్దున్నే పరిచయం."

"నా మేయర్ ఏడీ?"

"నువ్వెళ్ళిన రోజే పోయాడు. పైనుంచి పట్టుకున్నా. ఎర్ర తువ్వాలు మీద పెట్టా. ఈ చెట్టు మీదే వదిలి తిండికి లోపలికెళ్ళా." అతను తలెత్తలేకపోయాడు. "వాడు నిన్నేం మర్చిపోలేదు కవీ. అలకా లేదు, గిలకా లేదు. ఇది నిన్ను చూడ్డమే ఇవాళ మొదటిసారి. అబద్ధం ఆడింది నేనొక్కణ్ణే."