గోవిందమ్మ బజ్జీకి అంటని వార్త

సాయంత్రం నాలుగైతే చింతాద్రిపేటలో గోవిందమ్మ పొయ్యి ముట్టిస్తుంది. నూనె కాగేలోపు అరటికాయలు తరిగి, పిండి కలిపి, పాత పేపర్లు చదరంగా చించి రాయి కింద పెడుతుంది. ఆమెకు చదువు రాదు. దాని అవసరమూ పడలేదు, ఎందుకంటే ఆమె పొట్లంలో అబద్ధం నిలవదు. నిజమైన వార్తయితే కాగితం నూనెలో నానినా అక్షరం చెదరదు. అబద్ధమైతే అక్షరాలన్నీ లేచొచ్చి బజ్జీకి అంటుకుంటాయి.

అందుకే ఆ వీధిలో బజ్జీని ముందు తిప్పి చూసి, తర్వాత కొరుకుతారు. వాతావరణ సూచనలో చుట్టిన రోజు బజ్జీ సిరాతో బొగ్గులా ఉంటుంది. శ్రద్ధాంజలి ప్రకటనల్లో పేరూ తేదీ కాగితం మీదే ఉంటాయి, 'అందరికీ ఆప్తుడు' అన్న మాట మాత్రం బజ్జీ మీదికి వచ్చేస్తుంది. ఎన్నికల కరపత్రాల్లో గోవిందమ్మ అసలు చుట్టదు. తిన్నవాళ్ళ కడుపు చెడితే ఆ పాపం తనకెందుకని.

ఆ పేటకు నాలుగు పేజీల వారపత్రిక ఒకటుంది, ఒక పక్క తెలుగు, ఒక పక్క అరవం. యజమాని ఆనందరావు. వార్తలు రాసేది భరణి ఒక్కతే. కార్పొరేషన్ మీటింగుల్లో చివరి బెంచీలో కూర్చుని, అందరూ ఆవలిస్తుంటే రాసుకునే పిల్ల. అక్కడే ఆమెకు ఒక ఫైలు కనబడింది. వీధిలో కొత్త నీళ్ళ పైపు వేయడం పూర్తయిందని అందులో ఉంది. చూడబోతే ఆర్నెల్లుగా కుళాయిల్లో మురుగు వాసన, ఎదురింటి చెల్లమ్మకు కామెర్లు, రోడ్డు మీద గడ్డపార పోటు ఒక్కటీ లేదు. భరణి ఇల్లిల్లూ తిరిగి, నలభై ఇళ్ళకూ పాత పైపే ఉందని రాసింది.

పత్రిక వచ్చిన పొద్దునే కౌన్సిలర్ కుప్పుసామి మనుషులు అంగళ్ళన్నీ తిరిగి కాపీలన్నీ ఎత్తుకుపోయారు. మధ్యాహ్నం ఆనందరావుకు ఫోనొచ్చింది. సాయంత్రం భరణి బజ్జీల బండి దగ్గరికి వచ్చింది.

"అవ్వా, వచ్చే వారం క్షమాపణ వేస్తారంట. ఆ వార్త తప్పని నేనే రాయాలంట. లేకుంటే పనికి రావద్దనేసినారు."

"రాస్తావా?"

"రాయను."

"సరి, తిను."

తినమందే గానీ గోవిందమ్మకు ఒళ్ళు మండింది. ఈ పిల్ల పని పోతే పైపు సంగతి అడిగే నోరు ఆ పేటలో ఇంకోటి లేదు. ఆ కోపంలో ఒక వాయి బజ్జీలు మాడ్చేసింది.

క్షమాపణ ఆనందరావే రాసి, కౌన్సిలర్ ఫోటోతో మొదటి పేజీలో వేశాడు. దాన్ని ఇంటింటికీ ఊరికే పంచారు. "చదువుకున్న పిల్ల, చూసి రాయొద్దా" అని వీధి రెండు రోజులు భరణిని ఆడిపోసుకుంది.

ఎత్తుకుపోయిన కాపీలను కుప్పుసామి కాల్చేయమన్నాడు. శుభ్రమైన కాగితాన్ని ఎవరైనా కాలుస్తారా? ఆయన మనుషులు అలవాటుగా కిట్టు పాత పేపర్ల అంగట్లో వేసేశారు. కిట్టు అంగడి కాగితం ఎప్పుడూ వచ్చేది గోవిందమ్మ రాయి కిందికే.

ఆ గురువారం కుప్పుసామి, ఆనందరావును వెంటబెట్టుకుని బండి దగ్గరికి వచ్చాడు. అప్పటికే చెల్లమ్మ, భరణి, వీధి జనం అక్కడున్నారు.

"అందరికీ పెట్టు పెద్దమ్మా. పేపరోళ్ళే తప్పు ఒప్పుకున్నారు కదా. నాకు మాత్రం నా ఫోటో ఉండేదాంట్లో చుట్టు."

గోవిందమ్మ అలాగే చుట్టింది. మిగతావాళ్ళకు రాయి కింద ఏది చేతికొస్తే అది. మాటల జోరులో కుప్పుసామి బజ్జీని తిప్పి చూడకుండానే కొరికేశాడు. చేతిలో తెల్ల కాగితం, దాని మీద ఆయన ఫోటో మిగిలాయి. ముందు పళ్ళ మీద 'చింతిస్తున్నాం' అని చక్కగా అచ్చు పడింది.

మిగతా అందరి బజ్జీలూ బంగారంలా ఉన్నాయి. తిన్నవాళ్ళు కాగితం మీద చెదరకుండా ఉన్న భరణి వార్త చదివారు. కామెర్లకు నూనె పడదని చెల్లమ్మ బజ్జీ పక్కన పెట్టి కాగితం ఒక్కటీ చదివింది.

"అన్నా, మా వీధి ఎప్పుడు తవ్వినారు?" అని అడిగింది.

జవాబు చెప్పబోయి కుప్పుసామి నోరు తెరిచాడు. అందరూ పళ్ళు చదివారు. ఆయన నోరు మూసుకుని కారెక్కాడు.

వార్తలో ఇళ్ళ లెక్క ఉన్న ముక్క ఆనందరావు పొట్లానికి వచ్చింది. ఆయన బజ్జీ మీద మాత్రం ఒక్క మాట అంటింది: నలభై. పక్కనే ఉన్న భరణి అది చూసి పాలిపోయింది.

"సందు వెనక ఇళ్ళు చూళ్ళేదు సార్. పోయి చూసొస్తా."

"నిన్ను పనికి రావద్దన్నాను కదమ్మా."

"తప్పు నాది కదా సార్, సరిచేయొద్దా?"

తను రాసిన క్షమాపణంతా కుప్పుసామి నోటికి అంటుకుపోయింది. ఈ పిల్ల ఒక్క అంకె కోసం నిలబడలేకపోతోంది. ఆనందరావుకు సిగ్గేసింది. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చి, "సోమవారం తొందరగా రా" అన్నాడు.

తర్వాతి వారం పత్రికలో రెండు సవరణలు వచ్చాయి. క్షమాపణ అబద్ధమని ఆనందరావు రాశాడు. ఇళ్ళు నలభై కాదు, నలభై మూడని భరణి రాసింది. పత్రిక గోవిందమ్మ రాయి కిందికి చేరేసరికి కార్పొరేషన్ వాళ్ళు రోడ్డు తవ్వుతున్నారు. బండి పక్క సందులోకి జరిగింది. పిండి మీద దుమ్ము పడకుండా కొంగు అడ్డం పెట్టి, గోవిందమ్మ భరణి పొట్లం తనే విప్పి బజ్జీని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ అంటలేదు.

"తిను. తినేసి ఈ దుమ్ము గురించి కూడా రాయమ్మే" అంది.